కుళాయి పిడి – దాని చరిత్ర

ఇంటిలోని వస్తువులలో దినమునకు ఇరువది మారులు చేతితో పట్టుకొనియు ఒక్కమారైనను కన్నెత్తి చూడనిది కుళాయి పిడి. అది బిగువుగా ఉన్నంతకాలము దాని ఉనికియే మనకు స్ఫురింపదు. ఒకనాటి ఉదయమున స్నానాల గదిలో వాష్‌బేసిను వద్ద అది లొడలొడలాడును. త్రిప్పినచో పిడి తిరుగును గాని నీరు రాదు, వచ్చినచో ఆగదు. ఇంటి యజమాని మరికొంత బలముగా త్రిప్పును. కొన్నాళ్ళకు పిడి ఊడి చేతికి వచ్చును. అటుపిమ్మట పటకారుతో పట్టి త్రిప్పుట ఆ ఇంటి ఆచారమగును. అట్టి ఇండ్లు మన ఊళ్ళలో తక్కువ కావు.

ఇది అల్పవిషయమని తోచవచ్చును. కాని ఈ చిన్న పిడి వెనుక రెండువేల సంవత్సరముల చరిత్ర కలదు. నీటిని విడుచుటకును ఆపుటకును అధికారము ఎవరి చేతిలో ఉండవలెనన్న ప్రశ్నకు ఆయా కాలముల వారు చెప్పిన సమాధానములే ఆ చరిత్ర. దానిని తెలిసికొన్నచో పిడి ఎందులకు వదులగునో, దానిని ఎట్లు బిగింపవలెనో కూడ తేటపడును. ఈ రెండింటిని కలిపి చెప్పుటయే మా ఉద్దేశము.

ముందుగా మన దేశమునే చూతము. తెలుగు దేశమున కాకతీయుల కాలము నాటికే పెద్ద చెరువులు వెలసినవి. 13వ శతాబ్దిలో త్రవ్వించిన రామప్ప చెరువు, పాఖాల చెరువు నేటికిని నిలిచియున్నవి. చెరువు కట్టినంత మాత్రమున చాలదు. కట్టను తెంపకుండ, వలసినప్పుడు వలసినంత నీటినే వదలవలెను. దానికై మన పెద్దలు తూమును ఏర్పరచిరి. గట్టునకు లోపలివైపున రాతి స్తంభముల నడుమ నిలువుగా దిగిన పొడవైన కొయ్య, దాని కొనను బిరడా, ఆ బిరడాకు సరిపోవు రంధ్రము – ఇదియే దాని నిర్మాణము. కొయ్యను ఎత్తినచో నీరు కాలువకు పారును, దింపినచో ఆగును. కుళాయికి కావలసిన అంగములన్నియు ఇందున్నవి. అయితే ఆ కొయ్యను తాకు హక్కు పొలము గల ప్రతి రైతునకు లేదు. నీరటికాడు, నీరుగంటి అను పేర్లతో ఊరివారు నియమించిన మనిషి ఒకడుండెను. ఏ మడికి ఎప్పుడు ఎంత పారవలెనో వాడే చూచువాడు. పిడి ఒకరిది, నీరు పదిమందిది.

పాశ్చాత్య దేశములలో ఈ విద్య రోము నగరమున పరాకాష్ఠ నందినది. క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి ఫ్రాంటినస్ అను అనుభవజ్ఞుని నగర జలాధికారిగా నియమించెను. ఆయన తన యుద్యోగ ధర్మమును గూర్చి వ్రాసిన గ్రంథము నేటికిని లభించుచున్నది. అప్పటికి రోమునకు తొమ్మిది జలమార్గములు నీరు తెచ్చుచుండెను. వానిని కాపాడుటకు రెండు దళములుండెను: ఒకదానిలో 240 మంది, రెండవదానిలో 460 మంది. ప్రతి గృహస్థునకు మంజూరైన నీరు ఒక నిర్ణీత కొలత గల కంచుగొట్టము ద్వారముననే రావలెను. అయినను దారిలో రహస్యముగా గొట్టములకు బెజ్జములు పొడిచి నీటిని అమ్ముకొను పనివారుండిరని ఆయన వాపోయెను. నీటి దొంగతనము నేటిది కాదు.

రోమనుల కుళాయి కంచుతో పోతపోసినది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిన పాంపే నగరపు త్రవ్వకములలో అట్టివి దొరకినవి. గొట్టమునకు అడ్డముగా ఒక కంచు గుండు నిలువున దిగియుండును. ఆ గుండునకు అడ్డముగా ఒక రంధ్రము. రంధ్రము గొట్టపు దారిలోనికి వచ్చినచో నీరు పోవును. పావుచుట్టు త్రిప్పినచో ఆగిపోవును. పెద్ద కుళాయిల గుండునకు శిరోభాగమున చతురస్రపు బెజ్జము మాత్రముండెను. దానిలో ఒక కమ్మిని దూర్చి త్రిప్పవలెను. కమ్మి ఎవని వద్దనున్నదో వాడే ఆ నీటికి యజమానుడు. చిన్న కుళాయిలలో పిడి గుండుతోపాటు ఒకే పోతగా ఉండెడిది. అతుకు లేదు గనుక వదులగుట అను ప్రసక్తియే లేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను; ముందు దీనితో పనియున్నది.

తరువాతి శతాబ్దములలో ఐరోపా నగరములు ఈ వైభవమును పోగొట్టుకొన్నవి. లండను వంటి మహానగరమున సయితము 19వ శతాబ్ది ఆరంభము వరకు నీరు కొయ్యగొట్టములలో, వారమున కొన్ని దినములు, దినమున కొన్ని గంటలు మాత్రమే వచ్చుచుండెను. కంపెనీ మనిషి ఒక పొడవైన తాళపు కమ్మిని భుజమున పెట్టుకొని వీథి వీథికి తిరిగి అడుగున ఉన్న కుళాయిలను తెరచుచు మూయుచు పోవుచుండెను. ఆంగ్లేయులు వానిని ‘టర్న్‌కాక్’ అనిరి. వాడు లండనులోని నీరటికాడు. నీరు వచ్చిన ఆ కొద్దిసేపటిలోనే గృహస్థులు తొట్లు నింపుకొనవలెను. తొట్లలో నీరు నిలువయుండి చెడును. అంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. నీరు లేనప్పుడు గొట్టములలో పీడనము ఉండదు. అట్టి సమయమున చుట్టుప్రక్కల మురుగు పగుళ్ళగుండ గొట్టములోనికి చొరబడును. ఈ రెండవ మాట నేడు మన పట్టణములకును వర్తించును.

ఈ దురవస్థకు మందు నాటింగ్‌హాము పట్టణమున దొరకినది. 1831లో థామస్ హాక్స్‌లీ అను యువకుడగు ఇంజనీరు అచ్చట రాత్రింబవళ్ళు ఎడతెగని పీడనముతో నీరందించు పద్ధతిని నెలకొల్పెను. గొట్టములు ఎల్లప్పుడు నిండియుండుటచే మురుగు లోనికి రాజాలదు. కాని ఈ మేలుతోపాటు ఒక చిక్కు వచ్చిపడినది. పాతకాలపు గుండు కుళాయి ఆ పీడనమునకు తాళలేదు. ఇసుక రేణువులు గుండును ఒరసి సందు చేయును, నీరు కారును. పైగా పావుచుట్టుతో నీరు తటాలున ఆగునేని, పరుగున వచ్చుచున్న నీటిధార గొట్టమును సమ్మెటతో కొట్టినట్లు కొట్టును, అతుకులు పగులును.

1845లో యార్క్‌షైరు మండలమునందలి రోథర్‌హాము పట్టణమున గెస్ట్ అండ్ క్రైమ్స్ అను కార్ఖానావారు ఇందుకు పరిష్కారముగా ఒక కొత్త కుళాయికి పేటెంటు పొందిరి. ఇందు గుండు లేదు. కుళాయి గర్భమున ఒక గుండ్రని పీఠము, దానిపై అణగి కూర్చుండు మెత్తని బిళ్ళ, ఆ బిళ్ళను మోయు కాడ, కాడకు మరచుట్లు. పిడిని త్రిప్పుకొలది కాడ మరచుట్ల వెంట దిగి బిళ్ళను పీఠముపై అదుమును. నీరు మెల్లమెల్లగా ఆగును గనుక గొట్టమునకు దెబ్బ తగులదు. మర యొక్క మహిమచే మనిషి చేతి స్వల్పబలము పెద్ద ఒత్తిడిగా మారును. పసిబాలుడు సయితము ఊరి నీటిట్యాంకు పీడనమును రెండు వ్రేళ్ళతో నిలుపగలడు. వీథిలోని తాళపుకమ్మి అధికారము ఇంటిలోని పిడికి సంక్రమించినది ఈ కుళాయితోనే అని మా అభిప్రాయము. నేటికిని మన ఇండ్లలో వాషరు గల ఇత్తడి కుళాయి ఆ 1845 నాటి దాని సంతానమే.

అయితే ఈ మేలునకు ఒక మూల్యము చెల్లింపవలసి వచ్చినది. బిళ్ళ అరుగును, అప్పుడప్పుడు మార్చవలెను. మార్చవలెనన్నచో కుళాయి తల విప్పవలెను. కాడ చుట్టును నీరు పైకి ఎగబ్రాకకుండ బిగించు నట్టును, పైనున్న అందమైన తొడుగును కాడ మీదుగా పైకి జారవలెను. పిడి అడ్డమున్నచో అవి రావు. కావున పిడి ఊడదీయుటకు వీలుగా ఉండవలెను. రోమను కుళాయికి లేని అతుకు ఇచ్చట ఏర్పడినది. ఆ అతుకును పట్టియుంచునది ఒక్క చిన్న మరమేకు. మన పిడి వదులగుట అనునది ఈ మార్పు వలన కలిగిన ఫలమే. బాగుచేయుటకు వీలైన వస్తువే వదులగును.

ఇక మరల విషయము. పూర్వము ఏ కార్ఖానా మర దానిదే. ఒకచోటి నట్టు మరియొకచోటి బోల్టునకు పట్టదు. హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున మరలు కోయు లేతు యంత్రమును సవరించి కచ్చితమైన మరలకు దారి చూపెను. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ దేశమునందలి కార్ఖానాల నుండి బోల్టులను సేకరించి, వాని సగటును తీసి, 1841లో అందరికిని ఒకే కొలతను ప్రతిపాదించెను. మరపళ్ళ నడుమ కోణము 55 డిగ్రీలు. ఆ కొలతయే గొట్టపు మరలకును ఆధారమైనది. నేడు మన అంగడిలో ‘అర అంగుళపు కుళాయి’ అని అడిగినచో వచ్చు దాని మరకు అంగుళమునకు 14 చుట్లు, 55 డిగ్రీల కోణము ఉండును. విచిత్రమేమన, ఆ మర వెలుపలి వ్యాసము అర అంగుళము కాదు. దాదాపు 21 మిల్లీమీటర్లు. ఒకప్పటి ఇనుప గొట్టపు లోపలి వ్యాసమును బట్టి ఆ పేరు నిలిచిపోయినది.

బిళ్ళ కథయు చిన్నది కాదు. మొదట దానిని తోలుతో చేసిరి. తోలు చన్నీటికి బాగుగనే పనిచేయును గాని వేడినీటికి ఆగదు. 1844లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతికి పేటెంటు పొందెను. ఇంగ్లాండులో థామస్ హాంకాక్ అదే కాలమున అట్టి హక్కునే సంపాదించెను. ఆ రబ్బరు క్రమముగా తోలు స్థానమును ఆక్రమించినది. మన దేశమునకు కుళాయి వచ్చిన తొలిదినములలో ఆచారపరులగు గృహస్థులు కొందరు, లోపల తోలుబిళ్ళ ఉన్నదను కారణమున ఆ నీరు పూజకును వంటకును తగదని శంకించిరి. నూతినీటితోనే మడి సాగించిరి.

పిడి యొక్క ప్రాముఖ్యమును లోకమునకు చాటిన సంఘటన మరియొకటి కలదు. అది బిగించిన పిడి కథ కాదు, ఊడదీసిన పిడి కథ. 1854లో లండనులోని సోహో ప్రాంతమున కలరా చెలరేగినది. మృతులు అందరికంటె ఎక్కువగా బ్రాడ్ స్ట్రీటులోని ఒక చేతిపంపు చుట్టును ఉన్నారని డాక్టరు జాన్ స్నో ఇంటింటికి తిరిగి కనుగొనెను. దగ్గరలోనే ఉన్న అనాథశాలలో 535 మంది నివసించుచున్నను అయిదుగురే మరణించిరి. వారికి సొంత బావి యుండెను. ఆ వీథిలోనే ఉన్న బీరు కార్ఖానా పనివారిలో ఒక్కరును మరణింపలేదు. వారు ఆ పంపు నీరు త్రాగలేదు. స్నో ఈ లెక్కలను స్థానికాధికారుల ముందుంచగా, వారు సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తీయించివేసిరి. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టినదని స్నోయే నిజాయితీతో వ్రాసికొనెను. మొత్తము మృతులు 616 మంది. కలరా గాలివలన వచ్చునను నమ్మకము నాడు బలముగా ఉండుటచే ఆయన మాటను వైద్యలోకము వెంటనే అంగీకరింపలేదు. అయినను నీటికిని వ్యాధికిని గల సంబంధమును గూర్చి చెప్పునప్పుడెల్ల నేటికిని ఆ పిడినే తలచుకొందురు.

ఈ కొత్త జలవిద్య భారతదేశమునకు త్వరగానే చేరినది. బొంబాయికి 1860లో విహార్ చెరువు నీరు, కలకత్తాకు 1870లో పల్తా వద్ద వడగట్టిన హుగ్లీ నీరు, మద్రాసుకు 1872లో రెడ్‌హిల్స్ చెరువు నీరు వచ్చినవి. మద్రాసున 1914లో కిల్పాకము జలాగారము పనిచేయసాగినది. హైదరాబాదు నగరమునకు 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద గొప్ప విపత్తు. ఆ విపత్తు నుండియే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయములు పుట్టినవి. వరద నాపుటకు కట్టినవి ఇంటింటికి త్రాగునీరు నిచ్చినవి. కొత్త వస్తువుతో కొత్త పేరును వచ్చినది. అరవ దేశమున గొట్టమునకు పేరైన మాట తెలుగున కుళాయియైనది. తెలంగాణమున నల్లా అనిరి. మరికొన్నిచోట్ల చేతిపంపును బట్టి పంపు అనియే స్థిరపడినది.

వీథికుళాయి మన సంఘమునకు ఒక పరీక్షగా నిలిచినది. నుయ్యి, చెరువు వద్ద ఎవరు నీరు ముట్టవచ్చును, ఎవరు ముట్టరాదు అను నిషేధములు పట్టణపు కుళాయి వద్దకును వెంటవచ్చినవి. 1927 మార్చి 20వ తేదీన మహాడ్‌లో డాక్టరు అంబేద్కర్ నాయకత్వమున వేలమంది చవదార్ చెరువు నీరు త్రాగి తమ హక్కును చాటవలసి వచ్చినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము బావులను, చెరువులను, స్నానఘట్టములను ఎవరికిని నిషేధింపరాదని శాసించినది. వీథికుళాయి ఇంటికుళాయిగా మారుటలో సౌకర్యముకంటె మించిన లాభమున్నదని ఇందువలన తెలియును. 2016లో తెలంగాణమున మిషన్ భగీరథ, 2019లో దేశమంతట జల జీవన్ మిషన్ మొదలైనవి. ఆ రెండవది మొదలగునాటికి గ్రామీణ కుటుంబములలో 3.23 కోట్లకు మాత్రమే ఇంటికుళాయి ఉండెను. అటుపిమ్మట పలు కోట్ల ఇండ్లలో తొలిసారిగా కుళాయి పిడి చేతికందినది.

పిడి రూపమును మారుచు వచ్చినది. మొదట అడ్డుకమ్మి, పిదప నాలుగు కొమ్ముల పిడి, నడుమ పింగాణి బిళ్ళ, 1920వ దశకము తరువాత క్రోమియము పూత. 1937లో అమెరికాలోని సియాటిల్ నగరమున ఆల్ఫ్రెడ్ మోయన్ అను విద్యార్థి చేతులు కడుగుకొనుచుండగా సలసల కాగు నీరు ధారగా పడినది. వేడినీటికొకటి, చన్నీటికొకటి రెండు పిడులేల, రెండును ఒకే పిడితో కలుపరాదా అని అతడు యోచించెను. పదేండ్ల కృషి ఫలించి 1947లో అట్టి కుళాయి అంగడికి వచ్చినది. 1970వ దశకము నుండి పింగాణివంటి గట్టి బిళ్ళలు రెండు ఒకదానిపై నొకటి జారు కుళాయిలు ప్రబలినవి. వానికి పావుచుట్టు చాలును. రోమనుల పావుచుట్టు ఈ విధముగా తిరిగి వచ్చినది. 1990లో అమెరికాలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ననుసరించి, బహిరంగస్థలములలోని పిడులు గట్టిగా పిడికిలి పట్టకయే, మణికట్టు త్రిప్పకయే ఒక్క చేతితో పనిచేయవలెను. కీళ్ళనొప్పులు గల పెద్దలు ఉన్న ఏ ఇంటికైనను ఈ నియమము మేలైనది.

ఇప్పుడు వదులైన పిడి వద్దకు వత్తము. కాడ కొనను సన్నని పళ్ళుండును. పిడి లోపల వానికి సరిపడు గాడులుండును. రెండింటిని పైనుండి ఒక మరమేకు బిగించును. మూయునప్పుడు కుడికి, తెరచునప్పుడు ఎడమకు – ఈ ఊగులాటవలన మేకు కొంచెము కొంచెముగా సడలును. ఇత్తడి కాడలో ఉక్కు మేకు ఉన్నచో తడి తగిలి మేకు త్వరగా త్రుప్పుపట్టును. సడలిన పిడిని అట్లే వాడినకొలది లోపలి గాడులు అరిగిపోవును. పిడి మెత్తని మిశ్రలోహముదో ప్లాస్టిక్కుదో అయినచో మరింత త్వరగా అరుగును. మొదటి వారములో ఒక నిమిషపు పని. ఆరునెలల తరువాత కొత్త పిడి ఖర్చు.

బాగుచేయు క్రమమిది. బేసిను క్రిందనున్న చిన్న కుళాయిని, అది లేనిచో మేడపై ట్యాంకు వాల్వును ముందుగా మూయవలెను. పిదప పై కుళాయిని తెరచి మిగిలిన నీటిని పోనీయవలెను. బేసిను రంధ్రములో గుడ్డ కుక్కవలెను; చేయిజారిన మేకు గొట్టములోనికి పోయినచో దొరకదు. పిడి నడినెత్తిన ఎఱ్ఱ లేక నీలి గుర్తుగల మూత ఉండును. చాకు మొనకు గుడ్డ చుట్టి దానిని మెల్లగా పైకెత్తవలెను. మూత లేనిచో పిడి ప్రక్కనో అడుగుననో చిన్న బెజ్జము కనబడును. పైన ఉండునది సామాన్యముగా నాలుగు కొమ్ముల గాడి గల మేకు. అది హెన్రీ ఫిలిప్స్ 1936లో పొందిన పేటెంట్లతో వ్యాపించినది. ప్రక్క బెజ్జములో ఉండునది ఆరు పలకల గుంట గలది. దానికి అల్లెన్ తాళము వలెను. అది అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1910లో విలియం అల్లెన్ ప్రవేశపెట్టినది. సరియైన సాధనముతో కుడికి త్రిప్పి బిగించవలెను. బిగువు తగిలినతోడనే ఆపవలెను. ఇత్తడిలోని మరచుట్లు మితిమీరిన బలమునకు చెడును.

మేకు బిగించినను పిడి ఆడుచున్నచో గాడులు అరిగినవని గ్రహింపవలెను. కాడ పళ్ళపై ప్లంబర్లు వాడు తెల్లని టేపును ఒకటి రెండు చుట్లు చుట్టి పిడిని అదిమి కూర్చుండబెట్టినచో కొంతకాలము గడచును. ఆ టేపు 1938లో రాయ్ ప్లంకెట్ యాదృచ్ఛికముగా కనుగొన్న పదార్థముతో చేసినది. అంతకుముందు గొట్టపు అతుకులకు నారయు సఫేదాయు వాడెడివారు. శాశ్వతమైన మందు కొత్త పిడియే. పళ్ళ సంఖ్య ఒక్కొక్క తయారీకి ఒక్కొక్క విధము గనుక పాత పిడిని అంగడికి తీసికొనిపోవుట మంచిది. త్రుప్పుపట్టిన మేకుకు బదులు అదే కొలత గల ఇత్తడి మేకునో త్రుప్పుపట్టని ఉక్కు మేకునో వేయవలెను. పిడి బిగువుగా ఉండి నీరు మాత్రము కారుచున్నచో దోషము వాషరుదిగాని పిడిది కాదు. అట్టి కుళాయిని బలముగా బిగించుకొలది లోపలి పీఠము చెడును. పావుచుట్టు కుళాయిని అసలే బలవంతము చేయరాదు.

ఒక చిన్న లెక్క చూడుడు. క్షణమునకు ఒక్క చుక్క కారుచున్నదనుకొందము. దినమునకు 86,400 చుక్కలు. నాలుగు చుక్కలు ఒక మిల్లీలీటరు చొప్పున 21 లీటర్లకు పైగా, అనగా ఒక పెద్ద బిందెకు మించిన నీరు. వేసవిలో ఆ బిందెకై మైలు నడచిన తల్లులు ఈ దేశమున ఎందరో కలరు. నీరటికాని కొయ్య, రోమను కమ్మి, లండను తాళము వహించిన బాధ్యత నేడు మన ఇంటి గోడకున్న ఆ చిన్న పిడిది. దానిని పట్టియుంచునది ఒక్క మరమేకు. నెలకొకమారు దానిని వ్రేలితో కదిపి చూచుట ప్రతి గృహస్థునకు విధి అని మేము భావించుచున్నాము.